ఎరువుల కొట్టు నుంచి కాపిటల్ భవనానికి



నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక ఎరువుల కొట్టు ఉండేది. యూరియా కట్టలు, సూపర్ కట్టలు, గుమ్మంలోనే ముక్కు పట్టేసే ఆ ఘాటు, బల్ల మీద అంచులు నలిగిన ఖాతా పుస్తకం. ఊరి గుట్టంతా ఆ పుస్తకంలోనే ఉండేది. ఏ రైతుకు పంట దెబ్బతింది, ఎవరు పొలం తాకట్టు పెట్టారు, ఎవరు నోటు రాసి కూడా ఎగ్గొడతారు, ఎవరు వట్టి మాట మీద తెచ్చి ఇస్తారు అన్నది కొట్టాయనకు తెలిసినంతగా కరణానికి కూడా తెలిసేది కాదు. ఆయన పంచాయతీ ఎన్నికల్లో నిలబడినప్పుడు పెద్దగా తిరిగిందీ లేదు, ఉపన్యాసాలు ఇచ్చిందీ లేదు. గెలిచాడు. ఎలా గెలిచాడో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

ఈ రోజు చెప్పబోయేది అమెరికాలోని ఒక ఎరువుల వ్యాపారి సంగతి. ఆయన 1956లో అమెరికా కాంగ్రెసుకు ఎన్నికయ్యారు. కాంగ్రెసు అంటే మన కాంగ్రెసు పార్టీ కాదు, ఆ దేశపు చట్టసభ. అందులో దిగువ సభ పేరు ప్రతినిధుల సభ. మన లోక్‌సభ లాంటిదే కానీ సభ్యులు ప్రతి రెండేళ్లకూ ఓటర్ల ముందుకు వెళ్లాలి. ఆ సభకు ఎన్నికైన మొట్టమొదటి ఆసియావాసి, మొట్టమొదటి భారతీయుడు, మొట్టమొదటి సిక్కు ఈయనే. పేరు దలీప్ సింగ్ సౌంద్.

కాంగ్రెసు వారి అధికారిక జీవితచరిత్రల గ్రంథంలో ఈయన వృత్తులను పొడిపొడిగా వరస పెట్టారు. 1930 నుంచి 1953 దాకా లెట్యూస్ రైతు. 1953 నుంచి 1957 దాకా వెస్ట్‌మోర్లండ్ అనే ఊళ్లో రసాయనిక ఎరువుల పంపిణీదారు. అవే సంవత్సరాల్లో ఆ ఊరి న్యాయస్థానంలో జడ్జి. ఆ తర్వాత మూడు పర్యాయాలు కాంగ్రెసు సభ్యుడు. ఇంతే. అయితే ఆ లెట్యూస్ రైతు గణితశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు. పైగా ఆ ఇరవై మూడేళ్లలో మొదటి పదహారేళ్లు సొంత పేరు మీద ఒక ఎకరం కౌలుకు తీసుకోవడానికి కూడా చట్టం ఒప్పుకోలేదు. ఈ రెండు ముక్కలూ కలిపి చూస్తే గానీ కథ మొదలు కాదు.

సౌంద్ 1899లో అమృత్‌సర్ జిల్లా ఛజ్జల్‌వడ్డీ గ్రామంలో పుట్టారు. తండ్రి ప్రభుత్వానికి నిర్మాణపు పనులు చేసే కాంట్రాక్టరు. చేతిలో డబ్బుంది, చదువు లేదు. చదువు లేని ఇల్లు కాబట్టే కొడుకును చదువులో పెట్టింది. దలీప్‌కు పదేళ్లప్పుడు తండ్రి పోయారు. కుర్రవాడు బాబా బకాలాలో హాస్టల్లో ఉండి బడి చదువు ముగించి, జమ్మూలో కాలేజీ చదివి, 1919లో పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి గణితంలో బి.ఎ. పట్టా పుచ్చుకున్నాడు. 1919 అన్నాను, అమృత్‌సర్ అన్నాను. జలియన్‌వాలాబాగ్ ఆ ఊళ్లోనే, ఆ ఏడాదే. గాంధీగారి మాటలూ, అబ్రహాం లింకన్ ప్రసంగాలూ కలగలిసి తలకెక్కిన ఆ వయసులో కుర్రవాడికి అమెరికా మీద మనసు పడింది.

వెళ్లడానికి ఇంట్లో చెప్పిన కారణం మాత్రం రాజకీయం కాదు, వ్యాపారం. కాలిఫోర్నియాలో పండ్లు డబ్బాల్లో నిలవచేసే విద్య నేర్చుకుని, రెండు మూడేళ్లలో తిరిగివచ్చి, మన మామిడిపండ్లకు డబ్బాల ఫ్యాక్టరీ పెట్టాలని. మామిడిని జాడీలో ఏడాది పొడుగునా నిలవచెయ్యడం మన ఇళ్లలో ఆడవాళ్లకు వెన్నతో పెట్టిన విద్యే కదా, దానికి అమెరికా దాకా ఎందుకని మనకు అనిపించవచ్చు. కానీ ఆ రోజుల్లో మనకు డబ్బా సీలు చెయ్యడం కొత్త పరిశ్రమ. కాలిఫోర్నియా అందులో ముందున్న చోటు.

1920 సెప్టెంబరులో న్యూయార్క్ రేవులో దిగారు. అక్కడి నుంచి ఖండం ఈ కొస నుంచి ఆ కొసకు రైలు ప్రయాణం. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. స్టాక్‌టన్ గురుద్వారా వాళ్లు విద్యార్థుల కోసం నడిపే ఇంట్లో బస. సెలవుల్లో డబ్బా ఫ్యాక్టరీల్లో కూలిపని. కొన్నాళ్లకే డబ్బాల చదువు పక్కకు పోయి పాత ప్రేమ గణితం ముందుకొచ్చింది. 1922లో ఎం.ఎ., 1924లో పీహెచ్.డి. ఇరవై అయిదేళ్లకే డాక్టర్ సౌంద్.

ఇక ఉద్యోగం. ఇక్కడ ఒక కోర్టు తీర్పు సంగతి చెప్పాలి.

అమెరికా పౌరసత్వ చట్టం అప్పట్లో రెండు వర్గాలకే తలుపు తెరిచేది. ఒకటి తెల్లవాళ్లు, రెండు ఆఫ్రికా సంతతి వాళ్లు. భగత్ సింగ్ థిండ్ అనే సిక్కు, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, నేను ఆర్యజాతివాణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అని వాదించాడు. 1923 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది: పుస్తకాల్లోని జాతిశాస్త్రం మాకు అక్కర్లేదు, మామూలు మనిషి ఎవరిని తెల్లవాడంటాడో అతనే తెల్లవాడు, మీరు కారు. అప్పటికే పౌరసత్వం పొందిన భారతీయుల దగ్గర కూడా దాన్ని వెనక్కి లాక్కోవడం మొదలుపెట్టారు. వాదన మాట ఎలా ఉన్నా, థిండ్ పట్టుకున్న ఆ ఆర్యజాతి తర్కం నాకు నచ్చదు. తలుపు అందరికీ తెరవమని అడగకుండా, నన్నొక్కణ్ణి లోపలికి రానివ్వమని అడగడం అది. కానీ ఆ చట్టం అంతకు మించి అడిగే దారి ఉంచలేదు.

ఆ తీర్పు దెబ్బ ఎలా ఉండేదో తెలియాలంటే ఇంకొక వ్యాపారిని తలుచుకోవాలి. వైష్ణో దాస్ బగాయ్. పెషావర్ నుంచి 1915లో భార్యనూ ముగ్గురు కొడుకులనూ వెంటబెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి, దుకాణం పెట్టి నిలదొక్కుకున్నాడు. సూటు బూటు, ధారాళమైన ఇంగ్లీషు, 1921లో పౌరసత్వం. తీర్పు తర్వాత ఆ పౌరసత్వం పోయింది. పౌరసత్వంతో పాటు ఆస్తి హక్కు పోయింది, దుకాణం అమ్ముకోవలసి వచ్చింది. స్వదేశం చూసి వద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వనంది. 1928లో ఒక గదిలో ఒంటరిగా ప్రాణం తీసుకున్నాడు. తన బాధ రాసి పెట్టిన ఉత్తరాన్ని శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక అచ్చు వేసింది.

అదే రాష్ట్రం, అదే కాలం, అదే తీర్పు. సౌంద్ మాత్రం పోగొట్టుకోవడానికి అప్పటికి ఏమీ సంపాదించుకోలేదు. అది ఒక విధంగా అదృష్టమనే అనుకోవాలి.

గణితంలో డాక్టరేటు ఉన్నా భారతీయుడికి పాఠం చెప్పే ఉద్యోగం దొరికే రోజులు కావవి. కాలిఫోర్నియాలో మనవాళ్లకు తెరిచి ఉన్న దారి ఒక్కటే, వ్యవసాయం. 1925 వేసవిలో ఆయన దక్షిణాన ఇంపీరియల్ వ్యాలీకి వెళ్లారు. అక్కడి పంజాబీ మిత్రులు పత్తి ఏరే కూలీల ముఠాకు మేస్త్రిగా పెట్టారు. డాక్టర్ గారు పత్తి చేలో కూలీల లెక్క రాసుకుంటున్నారన్న మాట.

ఇంపీరియల్ వ్యాలీ పేరులో రాజసం ఉంది గానీ అది ఎడారి. సముద్రమట్టం కంటే దిగువన ఉన్న నేల. ఎండాకాలంలో మన రెంటచింతల, రామగుండం ఎండలు గుర్తుకొస్తాయి. కొలరాడో నది నీటిని కాలువల్లో మళ్లించాక ఆ ఇసుక నేల బంగారం పండింది. 1905లో నది గట్టు తెంపుకుని రెండేళ్ల పాటు ఆ పల్లంలోకి దూకితే ఏకంగా ఒక ఉప్పునీటి సరస్సు ఏర్పడింది. నీళ్లుంటే సర్వం, లేకపోతే బూడిద. కాలువ కింద సేద్యం అంటే ఏమిటో కృష్ణా, గోదావరి డెల్టాల శ్రోతలకు నేను చెప్పాలా? పంజాబీలకూ చెప్పక్కర్లేకపోయింది. అందుకే అక్కడ వాళ్లు కుదురుకున్నారు. మనదేశం నుంచి ఆడవాళ్లను తెచ్చుకునే వీలు లేక చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. రొట్టె ఇద్దరికీ ఒకటే, పచ్చిమిరపకాయ ఇద్దరికీ ఇష్టమే.

పండించేది నేల మీద, కానీ నేల ఎవరి పేరు మీద? కాలిఫోర్నియా భూచట్టం 1913లో ఒకసారి, 1920లో ఇంకాస్త బిగించి ఒకసారి వచ్చింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయుడు సాగుభూమి కొనకూడదు, కౌలుకు తీసుకోకూడదు. జపాను రైతులను దృష్టిలో పెట్టుకుని చేసిన చట్టం అది. థిండ్ తీర్పుతో మనవాళ్ల మెడకూ చుట్టుకుంది. ఇక మిగిలింది బినామీ. పరిచయస్తుడైన ఒక తెల్ల రైతో, బ్యాంకు మనిషో, భూమి యజమానో తన పేరు మీద కౌలు కాగితం రాయించుకుంటాడు. దున్నేది, పెట్టుబడి పెట్టేది, పండించేది సిక్కు. కాగితం ఉన్నవాడు రేపు ‘నీకూ నాకూ సంబంధం లేదు’ అంటే కోర్టు మెట్లెక్కే దారి కూడా లేదు, ఎక్కితే చట్టం మీరినవాడు తానే అవుతాడు.

బినామీ అనే మాటకు మన దగ్గర ఎంత చెడ్డపేరో అందరికీ తెలుసు. అక్కడ మాత్రం అది బలహీనుడి చివరి ఆసరా. సౌంద్ అలాగే, తన పేరు లేని పొలాల్లో లెట్యూస్ వేశారు, పశుగ్రాసం వేశారు, చక్కెర బీటు వేశారు. అంటే ఆయన వ్యాపారమంతా ఇరవై ఏళ్లపాటు పక్కవాడి మాట మీదే నడిచింది. పక్కవాడికి కూడా ఈయన మాటే హామీ. ఆయన రాజకీయ జీవితానికి పునాది పడింది ఈ పొలాల్లోనే అని నా నమ్మకం. ఎన్నికల ప్రసంగాల్లో కాదు.

లెట్యూస్ జూదం లాంటి పంట. మన టమాటా రైతును అడగండి, అదే మాట చెబుతాడు. చలికాలంలో దేశమంతా మంచు కప్పేసినప్పుడు ఈ ఎడారిలో ఆకుకూర పండుతుంది, న్యూయార్క్ దాకా రైలెక్కుతుంది. రేటుంటే ఒక్క పంటకే ఇల్లు కట్టుకోవచ్చు. లేదంటే కోత కూలి కూడా గిట్టక చేలోనే దున్నెయ్యాలి. ఆర్థికమాంద్యం వచ్చింది. రేట్లు పడిపోయాయి. సౌంద్ అప్పుల్లో కూరుకుపోయారు. చుట్టుపక్కల చాలామంది చేసిన పని దివాలా పిటిషను వెయ్యడం. మన భాషలో ఐ.పి. పెట్టడం. చట్టబద్ధమైన దారే, తప్పు కూడా కాదు. సౌంద్ ఆ పని చెయ్యనన్నారు. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా ప్రతి అప్పూ తీర్చారు.

ఇది గొప్పతనమా, మొండితనమా అని నేను కొంత ఆలోచించాను. ఇంట్లో భార్య, ముగ్గురు పిల్లలు. 1928లో ఆయన మేరియన్ కోసాను పెళ్లాడారు. చెక్ దేశం నుంచి వలస వచ్చిన చిత్రకారుడి కూతురు. పౌరసత్వానికి అర్హత లేని వాణ్ణి పెళ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వం కూడా పోగొట్టుకునే చట్టం ఉన్న రోజుల్లో జరిగిన పెళ్లి అది. అలాంటి ఇంటి యజమాని, ఉన్నదంతా బాకీలకే కడితే ఆ ఇల్లు ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోండి. కానీ ఒక సంగతి. కాగితం మీద పేరు లేనివాడికి, ఓటు లేనివాడికి ఆ ఊళ్లో ఉన్న ఆస్తి పరపతి ఒక్కటే. దాన్ని దివాలా కోర్టులో వదిలేస్తే రేపు ఆయన కోసం తన పేరున కౌలు కాగితం రాయించుకునేదెవరు? గణితం చదివినవాడు. లెక్క చూసుకునే ఉంటాడు.

రైతుగా ఇలా నలుగుతూనే మరో పని చేశారు. కేథరిన్ మేయో అనే అమెరికా రచయిత్రి 1927లో ‘మదర్ ఇండియా’ అనే పుస్తకంతో మనదేశాన్ని దుమ్మెత్తిపోసింది. దానికి జవాబుగా 1930లో సౌంద్ ‘మై మదర్ ఇండియా’ రాశారు. స్టాక్‌టన్ గురుద్వారా అచ్చు వేసింది. చర్చీల్లో, క్లబ్బుల్లో భారతదేశం గురించి ఎక్కడ మాట్లాడమన్నా వెళ్లేవారు. అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంటే అభిమానం. డెమొక్రాటిక్ పార్టీ స్థానిక పనుల్లో తిరిగేవారు. ఓటు హక్కు లేని కార్యకర్త.

పౌరసత్వం కోసం పోరాటం రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఊపందుకుంది. 1942లో సౌంద్ ‘ఇండియా అసోసియేషన్ ఆఫ్ అమెరికా’ ఏర్పాటులో ముందుండి, దానికి మొదటి అధ్యక్షుడయ్యారు. న్యూయార్క్‌లో జె.జె. సింగ్ అనే మరో వ్యాపారి, పట్టుబట్టల దిగుమతిదారు, వాషింగ్టన్ గడపలన్నీ తొక్కాడు. క్లేర్ బూత్ లూస్, ఇమాన్యుయెల్ సెల్లర్ అనే ఇద్దరు సభ్యులు బిల్లు పెట్టారు. 1946 జులై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేశారు. ఏడాదికి వందమంది భారతీయులు వలస రావచ్చు, ఉన్నవాళ్లు పౌరులు కావచ్చు. దాదాపు నలభై కోట్ల జనమున్న దేశానికి వంద సీట్లు. అయినా తలుపు తలుపే.

ఇక్కడ మనవాడొకరు గుర్తుకు రాక మానరు. భీమవరంలో పుట్టి, సౌంద్ వెళ్లిన రెండు మూడేళ్లకే అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, టెట్రాసైక్లిన్ మందుల వెనుక ఉన్న మేధావి. ఆయన 1948లో కన్నుమూశారు, అమెరికా పౌరుడు కాకుండానే. సౌంద్‌కు 1949 డిసెంబరు 16న పౌరసత్వం వచ్చింది. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

పౌరసత్వం చేతికొచ్చిన మరుసటి ఏడాదే, 1950లో, ఇంపీరియల్ వ్యాలీలోని వెస్ట్‌మోర్లండ్ జడ్జి పదవికి పోటీ చేశారు. అప్పట్లో అక్కడ చిన్న కోర్టుల జడ్జీలను జనమే ఎన్నుకునేవారు, లా డిగ్రీ అక్కర్లేకపోయేది. గెలిచారు కూడా. కానీ ఎన్నిక నాటికి పౌరుడై ఏడాది నిండలేదని కుర్చీ ఇవ్వలేదు. కొన్ని వారాలు తక్కువ! ఆయన గొడవ చెయ్యలేదు. 1952లో మళ్లీ నిలబడి పదమూడు ఓట్ల తేడాతో గెలిచారు. పదమూడు. రెండు కుటుంబాలు ఓటెయ్యడానికి బద్ధకిస్తే ఈ ప్రసంగం లేదు.

ఆ ప్రచారంలో జరిగిన ఒక ముచ్చట సౌంద్ తన ఆత్మకథలో చెప్పుకున్నారు. హోటల్లో నలుగురి మధ్య ఒక ఆసామి, నువ్వు జడ్జివైతే కోర్టుకొచ్చే వాళ్లకు తలపాగాలు నువ్విస్తావా, మేమే కొనుక్కోవాలా అని వేళాకోళమాడాడట. సౌంద్ అప్పటికి చాలా ఏళ్లుగా తలపాగా లేకుండానే తిరుగుతున్నారు. అయినా ఉడుక్కోలేదు. తల మీద ఏముందో నాకు పట్టదు, లోపల ఏముందో అదే చూస్తాను అన్న అర్థంలో జవాబిచ్చారు. అడిగిన ఆసామి ఆ తర్వాత ఆయన పక్షానే తిరిగాడంటారు. ఊళ్లో అందరూ ఆయన్ను పిలిచే పేరు ‘డాక్’. డాక్టరేటుకు పల్లెటూరి ముద్దుపేరు.

జడ్జిగా ఆ చిన్న ఊళ్లో వ్యభిచార గృహాలనూ జూదపు కొట్లనూ మూయించారు. పగలు ఎరువుల వ్యాపారం, కోర్టు రోజు న్యాయపీఠం. మన కళ్లకు ఇది కాస్త విడ్డూరంగా కనిపిస్తుంది. తీర్పు చెప్పేవాడే ఎరువు అమ్ముతాడా, అరువిచ్చిన రైతు మీద కేసు వస్తే ఎలా అని నాకూ అనుమానం వచ్చింది. అప్పటి ఆ చిన్న కోర్టుల వ్యవస్థే అలాంటిది. పెద్ద ఊళ్లలో చెల్లేది కాదు.

ఇక 1956. ఇంపీరియల్, రివర్‌సైడ్ అనే రెండు కౌంటీలు కలిసిన నియోజకవర్గం. పాతకాపు రిపబ్లికన్ సభ్యుడు పదవి నుంచి తప్పుకున్నాడు. సౌంద్ డెమొక్రాటిక్ పార్టీ తరఫున బరిలోకి దిగారు. ముందుగా సొంత పార్టీలోనే పోటీ. కార్ల్ కెగ్లీ అనే న్యాయవాది, ఓట్లతో పాటు కోర్టునూ ఆశ్రయించాడు. కాంగ్రెసు సభ్యుడు కావాలంటే పౌరుడై ఏడేళ్లు నిండాలని రాజ్యాంగం చెబుతోంది, ఈయనకు నిండలేదు కాబట్టి పేరు తీసెయ్యండి అన్నాడు. ఇప్పుడు లెక్క వెయ్యండి. 1949 డిసెంబరు 16 నుంచి ఏడేళ్లు అంటే 1956 డిసెంబరు 16. కొత్త సభ కొలువుతీరేది 1957 జనవరి 3న. పద్దెనిమిది రోజుల మిగులు! రాష్ట్ర సుప్రీం కోర్టు పిటిషనును పట్టించుకోలేదు. మొదటిసారి వారాల తేడాతో కుర్చీ పోయిన మనిషికి, రెండోసారి వారాల తేడాతో దక్కింది.

అసలు పోటీ ఇంకా ముందుంది. రిపబ్లికన్ అభ్యర్థి జాక్వెలిన్ కోక్రన్. ధ్వనివేగాన్ని దాటి విమానం నడిపిన మొదటి మహిళ. యుద్ధకాలంలో మహిళా పైలట్ల దళానికి అధినేత్రి. సొంత పేరుతో సౌందర్య సాధనాల కంపెనీ. భర్త ఫ్లాయిడ్ ఓడ్లం దేశంలోని పెద్ద ధనవంతుల్లో ఒకడు. అధ్యక్షుడు ఐసన్‌హోవర్ వాళ్లింటి స్నేహితుడు. ఆమెను పుట్టు శ్రీమంతురాలు అనుకోకండి. ఫ్లోరిడాలో కటిక పేదరికంలో పుట్టి, జుట్టు అలంకరించే పని నుంచి పైకొచ్చిన మనిషి. నిజం చెప్పాలంటే ఆ ఎన్నికలో అసలైన వ్యాపార దిగ్గజం ఆమే, ఈయన కాదు. ఆమె సొంత విమానం నడుపుకుంటూ ప్రచారానికి వచ్చేది. ఈయన భార్యాపిల్లలతో, స్వచ్ఛంద కార్యకర్తలతో ఇంటింటికీ తిరిగేవారు, కొత్త ఓటర్లను నమోదు చేయించేవారు. ఆకాశంలో ఒకరు, గుమ్మంలో ఒకరు. ఒక భారతీయుడికీ ఒక విమానవీరవనితకూ పోటీ అనేసరికి దేశంలోని పెద్ద పత్రికలన్నీ ఆ ఎడారి దారి పట్టాయి.

నవంబరులో ఫలితాలొచ్చాయి. ఐసన్‌హోవర్ దేశమంతా ఊడ్చేసిన ఎన్నిక అది. ఆయన పార్టీ అభ్యర్థి, ఆయన స్నేహితురాలు ఇక్కడ ఓడిపోయింది. సౌంద్‌కు 51 శాతం పైచిలుకు ఓట్లు.

ఎలా గెలిచారని అప్పటి పత్రికలు రకరకాలుగా రాశాయి. ఆ నియోజకవర్గంలో భారతీయుల ఓట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. కాబట్టి కులం, మతం, జాతి లెక్కలు పనికిరావు. నేను మాత్రం మా ఊరి ఎరువుల కొట్టు దగ్గరికే వెళ్తాను. ముప్ఫై ఏళ్లపాటు ఆ లోయ రైతులతో ఈయనకు ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. వాళ్ల పేరు మీద ఈయన దున్నాడు, ఈయన మాట మీద వాళ్లు అప్పిచ్చారు, ఆ అప్పు తిరిగొచ్చింది, ఆ తర్వాత ఈయన దగ్గర వాళ్లు ఎరువు కొన్నారు. కోక్రన్ గురించి జనానికి తెలిసింది పత్రికల్లో చదివి. సౌంద్ గురించి తెలిసింది ఖాతా పుస్తకంలో.

సభలో అడుగుపెట్టిన మొదటి ఏడాదే విదేశీ వ్యవహారాల సంఘంలో చోటిచ్చారు. కొత్తవాళ్లకు తేలిగ్గా దొరికేది కాదది. 1957 పౌరహక్కుల చట్టానికి ఓటేశారు. ఆ ఏడాది సెప్టెంబరులో లిటిల్ రాక్ ఊళ్లో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లలు తెల్లవాళ్ల బడికి వెళ్లడానికి సైన్యం కాపలా రావలసి వచ్చింది. అమెరికా పరువు ఆసియా అంతటా గంగలో కలిసిన సమయం. సరిగ్గా అప్పుడే సౌంద్ భార్యనూ కూతురినీ తీసుకుని ఆసియా పర్యటనకు బయలుదేరారు. జపాను మొదలుకుని మనదేశం దాకా. అమెరికాలో రంగు వివక్ష లేదా అని అడిగిన ప్రతిచోటా ఆయన నిలువెత్తు జవాబుగా నిలబడ్డారు. ఆ జవాబు నిజమే. సగమే నిజం కూడా. ఆ పొలాల కౌలు కాగితాల సంగతి ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

ఢిల్లీలో మన పార్లమెంటు సభ్యులను ఉద్దేశించి మాట్లాడారు. ఛజ్జల్‌వడ్డీకి వెళ్లారు. రెండు మూడేళ్లలో వస్తానని చెప్పి వెళ్లిన కుర్రవాడు ముప్ఫై ఏడేళ్ల తర్వాత ఊళ్లో అడుగుపెట్టాడు, పరదేశపు శాసనకర్తగా.

సభలో ఆయన పనితీరులో నాకు నచ్చినవీ ఉన్నాయి, నచ్చనివీ ఉన్నాయి. విదేశీ సాయం గురించి ఆయన ధోరణి నచ్చుతుంది. నియంతల చేతికి తుపాకులిచ్చే సాయం కంటే పల్లెల్లో మనిషికి చేరే సాయం మేలని వాదించారు. 1961లో కెనెడీ ప్రభుత్వం, విదేశీ రుణాలకు ఏటేటా సభ అనుమతి అడగకుండా అయిదేళ్లపాటు ఖజానా నుంచి నేరుగా తీసుకునే వీలు కోరింది. దాన్ని తీసెయ్యాలని సవరణ పెట్టింది సొంత పార్టీవాడైన సౌందే. సాయం వద్దని కాదు, ఏడాదికోసారి పద్దు చూపించి తీసుకోమని. ఖాతా రాసేవాడి బుద్ధి ఎక్కడికి పోతుంది!

నచ్చనిది కూలీల విషయం. మెక్సికో నుంచి కాంట్రాక్టు కూలీలను తెచ్చే ‘బ్రసేరో’ పథకం అప్పట్లో నడుస్తోంది. తక్కువ కూలికి, హక్కుల్లేకుండా పనిచేసే మనుషులు. తన నియోజకవర్గపు పెద్ద రైతులకు వాళ్లు కావాలి. సౌంద్ ఆ రైతుల పక్షాన నిలిచారు. ఒకప్పుడు పత్తి చేలో కూలీల మధ్య నిలబడి, పౌరసత్వం లేని బతుకు బతికినవాడు ఆ మాట అనడం ఎలా ఉంటుంది? ఓటర్లు రైతులు, కూలీలకు ఓటు లేదు. ఆ సంగతి ఆయనకంటే అనుభవంతో తెలిసినవాడు ఆ సభలో మరొకడు లేడు.

1958లోనూ, 1960లోనూ మునుపటికంటే మంచి ఆధిక్యంతోనే గెలిచారు. ఇంకా పైకి వెళ్లేవారేమో. 1962 మే నెలలో వాషింగ్టన్ వెళ్తున్న విమానంలో పక్షవాతం వచ్చింది. నడక పోయింది, మాట పోయింది. మాటే మూలధనంగా బతికిన మనిషికి మాట పోయింది. ఆసుపత్రి మంచం మీద ఉండగానే జూన్‌లో పార్టీ ఎన్నిక గెలిచారు. నవంబరులో మాత్రం పాట్రిక్ మార్టిన్ అనే రిపబ్లికన్ చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత పదేళ్లు హాలీవుడ్‌లోని ఇంట్లో, భార్య సంరక్షణలో గడిపి 1973 ఏప్రిల్ 22న కన్నుమూశారు.

ఆయన తర్వాత భారత సంతతి వ్యక్తి మళ్లీ ఆ సభలో అడుగుపెట్టడానికి 42 ఏళ్లు పట్టింది. 2005లో లూసియానా నుంచి బాబీ జిందాల్. ఇప్పుడైతే అయిదారుగురు ఉంటున్నారు. వాళ్లలో బెళగావి ప్రాంతంలో పుట్టి, రసాయన పరీక్షాశాలల వ్యాపారం చేసి, డెట్రాయిట్ నుంచి గెలిచిన శ్రీ థానేదార్ కూడా ఒకరు. సౌంద్ వర్ణచిత్రాన్ని 2007 నవంబరులో, కాంగ్రెసు కొలువుండే కాపిటల్ భవనంలో పెట్టారు. టెమిక్యులా అనే ఊళ్లో ఒక పోస్టాఫీసుకు ఆయన పేరుంది. 1960లో ఆయన రాసుకున్న ఆత్మకథ ‘కాంగ్రెస్‌మన్ ఫ్రమ్ ఇండియా’ చదవాలనిపించిన శ్రోతలు పెద్ద గ్రంథాలయాల్లో అడిగి చూడండి. నెమ్మదైన, డాంబికం లేని పుస్తకం.

మామిడిపండ్ల డబ్బా ఫ్యాక్టరీ మాత్రం ఆయన ఎప్పుడూ పెట్టలేదు.